అమ్మకానికి పెట్టిన ఆ గ్రే చిలుక: నా అనుభవం

చిలుకల అమ్మకం ప్రకటనలు చూడటం నాకు అలవాటు. కొనడానికి కాదు. మా ఇంట్లో ఆఫ్రికన్ గ్రే జాతి చిలుక ఒకటి ఉంది. దానికి ఇంకాస్త పెద్ద పంజరమో, కొరకడానికి చెక్క సామానో ఎవరైనా వాడినవి అమ్మేస్తుంటే తీసుకుందామని వెతుకుతుంటాను. ఆ వెతుకులాటలో పక్షులు కూడా తగులుతుంటాయి. చాలావాటిని చూసి నిట్టూర్చి పక్కకి జరిపేస్తాను. ఒకదాన్ని మాత్రం జరపలేకపోయాను.

"మాట్లాడే గ్రే చిలుక. ఏడాది లోపు పిల్ల. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది. పంజరం కూడా ఇస్తాం. చూసుకునే తీరిక లేక ఇచ్చేస్తున్నాం. వెంటనే తీసుకెళ్లేవాళ్లే అడగండి." దాని కింద నాలుగు ఫొటోలు, ఒక చిన్న వీడియో.

వయసు సంగతి మొదటి ఫొటోలోనే తేలిపోయింది. ఏడాది లోపు గ్రే పిల్లకి కంటి నల్లచుక్క చుట్టూ ఉండే వలయం బూడిదరంగులో ఉంటుంది. పెరిగేకొద్దీ అది పలచబడి లేత పసుపులోకి తిరుగుతుంది. ఈ పక్షి కన్ను పూర్తిగా పసుపు. దానికి ఎన్నేళ్లుంటాయో కంటిని బట్టి చెప్పలేం గానీ, పిల్ల మాత్రం కాదు.

రెండో ఫొటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మెడ కింద నుంచి పొట్ట దాకా ఈకలు లేవు. గులాబీ రంగు చర్మం, దాని మీద అక్కడక్కడా తెల్లని నూగు. తల మీద ఈకలు మాత్రం పొందికగా, ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. ఈ తేడాని గమనించాలి. ఒళ్లంతా పాకే ఈకల జబ్బయితే తల మీద కూడా ఎంతో కొంత జాడ కనిపిస్తుంది. చిలుక ముక్కుకి అందని చోటు దాని తల ఒక్కటే. తల బాగుండి ఛాతీ బోడిగా ఉందంటే, తన ఈకలు తానే పీక్కుంటోందన్న అనుమానమే ముందు రావాలి. పంజరంలో ఉండే గ్రేలకీ, తల మీద కుచ్చు ఉండే కాకటూ చిలుకలకీ ఈ అలవాటు బాగా ఎక్కువ. అడవిలో తిరిగే చిలుకల్లో ఇది దాదాపు కనిపించదు.

మూడో ఫొటోలో పంజరం. రెక్కలు రెండూ చాపితే ఊచలకి తగిలేంత ఇరుకు. లోపల ఒకే మందంలో నున్నటి ప్లాస్టిక్ కడ్డీలు రెండు. చిలుక కాలికి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి, కొమ్మని చుట్టి పట్టుకోవడానికి. సన్నవీ లావువీ కొమ్మలు ఉంటే పట్టు మారుతూ ఉంటుంది. రోజంతా ఒకే కడ్డీ మీద నిలబడితే అరికాలిలో అదే చోట బరువు పడి పుండ్లవుతాయి. గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు. ఇంకేమీ లేవు. నాలుగో ఫొటో ఎవరో సరదాగా తీసినట్టుంది: పంజరం వెనకాలే పొయ్యి, పొయ్యి మీద నాన్‌స్టిక్ పెనం.

ఆ పెనం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పక్షులు పెంచేవాళ్లలో కూడా చాలామందికి ఇది తెలియదు. నాన్‌స్టిక్ పూత మరీ వేడెక్కితే కంటికి కనపడని, వాసన పెద్దగా తెలియని ఆవిరి వదులుతుంది. మనకి ఒంట్లో కాస్త నలతగా అనిపిస్తే అనిపించవచ్చు. పక్షి నిమిషాల్లో చచ్చిపోతుంది. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో ఆగకుండా ప్రవహిస్తుంది. ఎత్తున ఎగురుతూ కూడా ఆక్సిజన్ పీల్చుకోగలిగే వ్యవస్థ అది. విషవాయువు వస్తే దాన్నీ అంతే సమర్థంగా పీల్చేసుకుంటుంది.

వీడియోకి "డాన్స్ చేస్తోంది చూడండి" అని పేరు పెట్టారు. చిలుక కడ్డీ మీద ఒక చివర నుంచి మధ్య దాకా వచ్చి, తలని ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి తిప్పి మళ్లీ చివరికి పోతోంది. వీడియో అయిపోయేదాకా అడుగు తేడా రాకుండా అదే వరస. అది డాన్స్ కాదు. చెయ్యడానికి ఏ పనీ లేని జంతువులు ఇలాంటి చర్యలో పడిపోతాయి. పులులు జూలో కటకటాల వెంట పచార్లు చేసేదీ ఇదే. దానికి తోడు, ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ కొట్టుకుంటోంది. నన్ను భయపెట్టింది అది. ఊరికే నిలబడ్డ పక్షికి తోక అలా ఆడుతోందంటే ఊపిరి కోసం కష్టపడుతూ ఉండవచ్చు. చిలుకలు వేటకి గురయ్యే జాతి కాబట్టి జబ్బుని వీలైనంత దాచుకుంటాయి. బయటికి కనపడే సరికే చాలా ముదిరి ఉంటుంది.

నాకు తెలిసినవాళ్లకి చూపిస్తే అందరూ ఒకటే అన్నారు: "నీకు అంత బాధగా ఉంటే నువ్వే కొనెయ్."

ఈ సలహా ఎంత మంచి మనసుతో వచ్చినా నాకు ఒప్పదు. జాలితో కొన్న పక్షికీ, మోజుతో కొన్న పక్షికీ అమ్మేవాడి లెక్కలో తేడా లేదు. ఖాళీ అయిన పంజరంలోకి ఇంకోటి వస్తుంది. పైగా మా ఇంట్లో ఒక పక్షి ఉంది. ముక్కూ ఈకలూ పాడుచేసే సర్కోవైరస్ జబ్బు, క్లమీడియా సిట్టసై అనే బాక్టీరియా వల్ల వచ్చే చిలుకజ్వరం, రెండూ ఈకల పొడితో, ఎండిన రెట్టల ధూళితో అంటుకుంటాయి. గ్రేల ఒంటి నుంచి తెల్లటి పొడి ఎప్పుడూ రాలుతూనే ఉంటుంది. వేరే గదిలో వారాల తరబడి విడిగా ఉంచి, పరీక్షలన్నీ చేయించే వీలు లేకుండా కొత్త పక్షిని ఇంట్లోకి తేవడం ఉన్న పక్షికి ద్రోహం. చిలుకజ్వరం మనుషులకి కూడా వస్తుంది, న్యుమోనియా దాకా పోతుంది. 1929-30లో చాలా దేశాల్లో మనుషులు ఈ జబ్బున పడ్డప్పుడు మూలం వెతికితే దక్షిణ అమెరికా నుంచి తెచ్చి అమ్మిన చిలుకలే తేలాయి.

కాబట్టి కొనను. అలాగని వదలను. ముందు ప్రకటన మొత్తాన్ని, ఫొటోలనీ వీడియోనీ, తేదీ కనపడేలా దాచుకున్నాను. ఇలాంటివి రాత్రికి రాత్రే మాయమవుతాయి. తర్వాత అమ్మే ఆయనకి మెసేజ్ పెట్టాను. కొంటానని అబద్ధం చెప్పలేదు. గ్రేలతో పరిచయం ఉందనీ, కొన్ని విషయాలు అడగాలనీ రాశాను.

"వయసెంతండీ?"

"పది నెలలు."

"డాక్టరుకి ఎప్పుడైనా చూపించారా?"

"అవసరం రాలేదండీ. ఆరోగ్యంగానే ఉంది."

"మరి ఛాతీ మీద ఈకలు లేవు కదా?"

"ఇప్పుడు ఈకలు రాలే సీజన్ అండీ. మళ్లీ వచ్చేస్తాయి."

ఈకలు మార్చుకునే చిలుకకి కొంచెం కొంచెంగా, రెండు వైపులా సమానంగా రాలుతాయి, ఆ వెంటే కొత్తవి మొలుస్తుంటాయి. ఒంటి మీద ఎర్రటి చర్మం బయటపడే ప్రసక్తే లేదు. వాదించలేదు. వచ్చి చూడవచ్చా అని అడిగితే, రమ్మన్నారు.

వెళ్లేముందు మా పక్షిని చూసే డాక్టరుగారికి వీడియో పంపి ఫోన్ చేశాను. ఫొటో చూసి జబ్బు చెప్పనని మొదటే అనేశారు. కానీ వెళితే ఏమేం చూడాలో చెప్పారు. ముక్కు రంధ్రాలు పొడిగా ఉన్నాయా, ముక్కు మరీ పొడుగ్గా పెరిగిందా, రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేస్తోందా, ట్రేలో రెట్టలు ఎలా ఉన్నాయి. రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చ మలం, సున్నంలాంటి తెల్లభాగం, నీళ్లు. ఆ తెల్లభాగం పసుపుపచ్చకో ఆకుపచ్చకో తిరిగితే కాలేయాన్నీ, చిలుకజ్వరాన్నీ అనుమానించాలన్నారు. "అలా కనిపిస్తే ట్రే దగ్గర ముఖం పెట్టకండి, ఇంటికి రాగానే బట్టలు మార్చుకోండి, అప్పుడే మీ చిలుక దగ్గరికి వెళ్లండి" అన్నారు.

తలుపు తీసిన మనిషిని చూస్తే కోపం సగం దిగిపోయింది. నిద్ర చాలని ముఖం, ఒక చేతిలో చంటిపిల్ల. ఆయనకి ఉద్యోగం రాత్రిపూట. పెద్దపిల్లలు మాట్లాడే చిలుక కావాలని గొడవపెడితే ఎవరో అమ్ముతుంటే తెచ్చారు. వాళ్లే పది నెలలన్నారు, ఈయన అదే రాశారు. ఈకలు అప్పటికే లేవట. "తెచ్చిన వారానికే పిల్లాడి వేలు కొరికేసిందండీ. పొద్దున్నే అరుస్తుంది. నేను పడుకునే టైం అది. దుప్పటి కప్పేస్తాను, కాసేపటికి ఊరుకుంటుంది."

కాసేపు అంటే ఎంతసేపో అడిగాను. మధ్యాహ్నం దాకా అని తెలిసింది. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా అదే గదిలో టీవీ, లైట్లు. అంటే పగలు చీకటి, రాత్రి వెలుతురు. ఈ జాతికి రోజూ 10 నుంచి 12 గంటలు చీకటిలో కదలకుండా నిద్ర కావాలి. నిద్ర చాలని పక్షి అరుస్తుంది, కొరుకుతుంది, ఈకలు పీకుతుంది. ఈయన దాన్ని మొండితనం అనుకున్నారు.

నేను పంజరం దగ్గరికి వెళ్లగానే గుర్రుమంది. గ్రేలు బాగా భయపడ్డప్పుడు చేసే శబ్దం అది. మొదటిసారి విన్నవాళ్లకి లోపల కుక్కపిల్ల ఉందేమో అనిపిస్తుంది. నేను వెనక్కి జరిగి, పక్కకి తిరిగి, దాని కళ్లలోకి చూడకుండా కూర్చున్నాను. కాసేపటికి గుర్రు ఆగింది. ఆగాక మైక్రోవేవ్ ఓవెన్ పని అయిపోయినప్పుడు వచ్చే మోత చేసింది. మూడు బీప్‌లు, కాస్త ఆగి మళ్లీ ఒకటి. నేను వంటగది వైపు చూశాను. "మాకు ఓవెన్ లేదండీ" అన్నారు ఆయన, నవ్వుతూ. "ఇంకా ఎవరినో ఏదో పేరుతో పిలుస్తుంది. మాలో ఎవరి పేరూ అది కాదు."

ఎంతమంది చేతులు మారిందో ఎవరికీ తెలియదు. ఓవెన్ ఉన్న ఇంట్లో ఎన్నాళ్లుందో, ఆ పేరుగల మనిషి ఎందుకు వదులుకున్నారో. సరిగా చూసుకుంటే గ్రేలు 40 ఏళ్లు దాటి బతుకుతాయి. మనిషి సగం జీవితం అది. పెంచుకోవాలన్న సరదా అంతకాలం నిలవదు కాబట్టి ఇవి ఇల్లు మారుతూనే ఉంటాయి. మారిన ప్రతిసారీ ప్రకటనలో వయసు కాస్త తగ్గుతుంది, గుణం కాస్త పెరుగుతుంది. "ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది" అన్న మాటకి అర్థం ఇక్కడ ఎవరితోనూ కలవలేదనే.

తెలివి గల పక్షి కావడమే దీని కర్మ. ఐరీన్ పెపర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో షికాగోలో ఒక మామూలు పెంపుడు జంతువుల దుకాణం నుంచి కొన్న గ్రే చిలుకే అలెక్స్. అది నూటికి పైగా వస్తువులకీ రంగులకీ ఆకారాలకీ పేర్లు చెప్పగలిగింది, చిన్న అంకెలు లెక్కపెట్టగలిగింది. 2007లో, 31 ఏళ్ల వయసులో చనిపోయింది. దానితో రోజంతా మాట్లాడటానికి, పని చెప్పడానికి ఒక లాబ్ నిండా మనుషులుండేవారు. అదే బుర్రకి ఇక్కడ రెండు ప్లాస్టిక్ కడ్డీలూ, ఒక దుప్పటీ.

డాక్టరుగారు చెప్పినవి చూశాను. ముక్కు బాగా పెరిగి కొసన పొరలు పొరలుగా లేస్తోంది. ఎడమ కాలు ఎత్తి దించుతోంది. ట్రేలో తెల్లగా ఉండాల్సినది పచ్చగా ఉంది. పొయ్యి పంజరానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆయనకి రెండే మాటలు చెప్పాను. ఇవాళే పంజరాన్ని పొయ్యి దగ్గర నుంచి జరపమన్నాను. ట్రే పిల్లలతో తీయించవద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, వెంటనే పక్షుల డాక్టరుకి చూపించండి అన్నాను. "ఎలాగూ ఇచ్చేస్తున్నాం కదండీ, డాక్టరు ఖర్చు ఎందుకు? మీకైతే ధర తగ్గిస్తాను" అన్నారు. ఆయన కపటంగా అనలేదు, నిజంగానే మేలు చేస్తున్నాననుకుని అన్నారు. కొనడానికి రాలేదనీ, ఈ పక్షికి వైద్యం అందేలా చూడటానికి నాకు చేతనైనది చేస్తాననీ చెప్పి వచ్చేశాను.

ప్రకటన వేసిన చోట "ఫిర్యాదు చేయండి" అనే మీట ఒకటి ఉంది. నొక్కాను. "పరిశీలించాము. ఈ ప్రకటన మా నిబంధనలకు అనుగుణంగా ఉంది" అని జవాబు, చదివే వ్యవధి కూడా ఎవరికీ లేనంత వేగంగా వచ్చింది. దాని మీద ఇంతకంటే రాయడానికేమీ లేదు.

జంతువుల ఫిర్యాదులు తీసుకునే విభాగానికి ఫారం నింపేముందు ఫోన్ చేశాను. ఎత్తిన ఆవిడ ఓపిగ్గా విన్నారు. విని, నేను వాడిన మాటల్ని ఒక్కొక్కటీ పక్కన పెట్టేశారు. "హింసిస్తున్నారు అని రాయకండి. అది హింస అవునో కాదో తేల్చాల్సింది మేము. మీకేమనిపించిందో కాదు, మీరేం చూశారో రాయండి. ఎప్పుడు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, ఎంతసేపు చూశారు. ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే రాయండి. మీకు ఎవరో చెప్పింది వేరే పేరాలో పెట్టండి."

ఈ ప్రక్రియ మొత్తంలో నాకు బాగా ఉపయోగపడ్డ సలహా ఇదే. "పక్షి దారుణమైన స్థితిలో ఉంది" అని రాయాలని చెయ్యి లాగేస్తుంది. దానికి బదులు "మెడ కింది నుంచి పొట్ట వరకు ఈకలు లేవు, తల మీద పూర్తిగా ఉన్నాయి" అని రాశాను. "ఇరుకు పంజరం" బదులు "పక్షి రెక్కలు చాపినప్పుడు రెండు కొసలూ ఊచలకి తగలడం చూశాను". "ఊపిరాడక అల్లాడుతోంది" బదులు "ప్రకటనలోని వీడియోలో, కదలకుండా నిలబడినప్పుడు కూడా ప్రతి శ్వాసకీ తోక కదులుతోంది". "పగలంతా చీకట్లో పడేస్తున్నారు" బదులు "పొద్దున్న నుంచి మధ్యాహ్నం వరకు దుప్పటి కప్పుతానని యజమాని నాతో చెప్పారు". రాస్తుంటే చప్పగా అనిపించింది. పూర్తయ్యాక చదివితే కోపంతో రాసేదానికంటే ఇదే గట్టిగా నిలిచింది. కాదనడానికి ఇందులో ఎవరికీ సందు లేదు. డాక్టరుకి చూపించమంటే అవసరం లేదన్నారన్న వాక్యం కూడా చేర్చాను. అదే ముఖ్యమైనదని తర్వాత తెలిసింది. జబ్బు రావడం ఎవరి తప్పూ కాదు, జబ్బని తెలిశాక చూపించకపోవడం దగ్గరే వాళ్ల అధికారం మొదలవుతుంది.

ఆవిడ ఇంకోటి అడిగారు. "కాలికి రింగు ఉందా? అతుకు కనిపించిందా?"

ఎందుకడిగారో నాకు తెలుసు. పిల్ల కళ్లు తెరిచీ తెరవని రోజుల్లో, పాదం ఇంకా చిన్నగా ఉన్నప్పుడే అతుకు లేని రింగు ఎక్కిస్తారు. పాదం పెరిగాక అలాంటిది ఎక్కదు, దిగదు. కాబట్టి అతుకు లేని రింగుంటే పెంపకంలో పుట్టిందని నమ్మడానికి ఆధారం. రింగే లేకపోయినా, కోసి మూసినట్టున్నా, అడవి నుంచి పట్టి తెచ్చిందేమోనని చూడాలి. ఆఫ్రికాలో ఈ పక్షుల్ని పట్టిన తీరు అలాంటిది. ఘనాలో 1992 నుంచి లెక్కేస్తే 90 నుంచి 99 శాతం గ్రేలు మాయమయ్యాయని పరిశోధకులు తేల్చారు. అడవుల నరికివేత ఒక కారణం, పంజరాల గిరాకీ ఇంకో కారణం. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం సైటీస్. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఆ ఒప్పంద దేశాల సమావేశం వీటిని అన్నిటికంటే కట్టుదిట్టమైన జాబితా అయిన మొదటి అనుబంధంలో చేర్చింది. 2017 జనవరి 2 నుంచి, అడవిలో పట్టిన గ్రేలని వ్యాపారం కోసం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలించడం నిషేధం. సైటీస్ చూసేది దేశాల మధ్య వ్యాపారాన్ని. దేశం లోపల అమ్మాలంటే ఏ కాగితం ఉండాలో ఆ దేశపు చట్టం చెబుతుంది. అందుకే కొనేవాళ్లు ఎక్కడున్నా ముందు అడగాల్సింది "ఏమేం మాట్లాడుతుంది" అని కాదు, దీని కాగితాలేవి అని.

రింగు చూశాను, నంబరు చదవలేకపోయాను, అతుకు సంగతి చెప్పలేను అన్నాను. అలాగే రాయమన్నారు.

తర్వాత ఎదురుచూపు. ఫిర్యాదు చేసినవాళ్లకి లోపల ఏం జరుగుతోందో చెప్పరు. చెప్పకూడదు కూడా, అవతలి మనిషికీ మర్యాద ఉంటుంది. కానీ తెలియకుండా కూర్చోవడం కష్టం. ప్రకటన ఇంకా ఉందా అని పదేపదే చూసేదాన్ని. ఒక రోజు అది లేదు. అమ్ముడుపోయిందేమో, పక్షి ఇంకో ఇంటికి పోయిందేమో, ఇక ఎక్కడని వెతకాలి అనుకున్నాను. విభాగానికి ఫోన్ చేసి ప్రకటన తీసేశారని మాత్రం చెప్పాను. రాసుకున్నామన్నారు, అంతే.

ఆ సాయంత్రమే ఆయన దగ్గర నుంచి మెసేజ్. "మా ఇంటికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. చెప్పింది మీరేనా?"

ఫిర్యాదుదారు పేరు వాళ్లు బయటపెట్టరు. కాదని తప్పించుకోవచ్చు. నేనేనని రాశాను. ఏం రాశానో కూడా చెప్పాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఫోనే వచ్చింది. మొదట గట్టిగానే మాట్లాడారు. పక్కింటివాళ్లు చూశారట, పిల్లలు భయపడ్డారట. ఆ బాధ న్యాయమైనదే, క్షమించమన్నాను గానీ ఫిర్యాదు చేసినందుకు కాదని స్పష్టంగా చెప్పాను. గొంతు తగ్గాక అసలు సంగతి చెప్పారు. వచ్చిన అధికారి అరవలేదట. పంజరం కొలిచి, ఫొటోలు తీసి, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చారు: గడువులోపు పక్షుల డాక్టరుకి చూపించాలి, ఆ రిపోర్టు పంపాలి, ఈలోగా ఎవరికీ అమ్మకూడదు. రింగుకి అతుకు లేదట. "నేనేదో నేరం చేసినట్టు ఉందండీ నాకు" అన్నారు. నేరం అనుకుంటే నోటీసు కాదు, కేసు వచ్చేది అన్నాను. డాక్టరు పేరూ నంబరూ అడిగారు. ఇచ్చాను.

రక్తపరీక్షలో కాలేయం దెబ్బతిన్నట్టు, కాల్షియం బాగా తక్కువున్నట్టు వచ్చింది. గ్రేలలో కాల్షియం పడిపోవడం కొత్తేమీ కాదు, మరీ పడిపోతే మూర్ఛలొస్తాయి. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, కాల్షియం తక్కువ, విటమిన్ ఏ దాదాపు లేదు. "ఇష్టంగా తింటుంది" అన్నమాట నిజమే. ఇష్టంగా తినేదల్లా పెడితే జరిగేది ఇదే. అదృష్టం కొద్దీ చిలుకజ్వరం లేదు, సర్కోవైరస్సూ లేదు. తోక ఆడటానికి కారణం ఉబ్బిన కాలేయం ఊపిరికి తోడ్పడే గాలిసంచుల మీద ఒత్తడం కావచ్చన్నారు డాక్టరు. పెరిగిన ముక్కుని అరగదీశారు. దాని కారణం కూడా కాలేయమే కావచ్చట.

మందులు, ఆహారం మార్పిడి, నెలల తరబడి పర్యవేక్షణ. ఆ జాబితా విన్నాక ఆయనే అన్నారు, ఇది నా వల్ల కాదని. అమ్మకుండా వదులుకోవడం ఎలాగో అడిగారు. చిలుకల్ని తీసుకుని, కోలుకునేదాకా ఉంచి, తగిన ఇల్లు చూసి పంపే ఒక చిన్న ఆశ్రయం ఉంది. అక్కడ ఎప్పుడూ ఖాళీ ఉండదు. డాక్టరుగారు మాట్లాడితే ఒప్పుకున్నారు. అప్పగింత కాగితం మీద ఆయన సంతకం చేశారు. అందులో ఆయన రాసిన వివరాలు ప్రకటనకంటే చాలా నిజాయితీగా ఉన్నాయి: "వయసు తెలియదు. కొరుకుతుంది. తెల్లవారగానే అరుస్తుంది. మగవాళ్ల చేతికి భయపడుతుంది. స్నానం అంటే ఇష్టం." ఆ చివరిది నేను అడగలేదు, నాకు తెలియదు కూడా. పిల్లలు నీళ్లు చిలకరిస్తే రెక్కలు విప్పేదట.

ఇంత చేసినందుకు పక్షి బాగుపడిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. గింజల నుంచి కూరలకీ, పక్షుల మేత గుళికలకీ మళ్లించడానికే చాలా కాలం పట్టింది. తెలియని తిండి ముందు పెడితే ఆకలితో మాడుతుంది గానీ ముట్టదు కాబట్టి, రోజూ గ్రాముల త్రాసు మీద బరువు చూస్తూ కొంచెం కొంచెంగా మార్చారు. కాళ్ల పుండు మానింది. ఒకే వరసలో తల తిప్పడం తగ్గింది గానీ, కొత్త మనుషులొస్తే మళ్లీ మొదలుపెడుతుంది. ఛాతీ మీద కొన్నిచోట్ల నూగు చిక్కబడింది. మిగతా చోట్ల ఏళ్ల తరబడి పీకడం వల్ల ఈక మొలిచే కుదుళ్లే చచ్చిపోయాయట, అక్కడ ఇక రావు.

ఇప్పుడు దాన్ని తీసుకోవడానికి ఒక కుటుంబం ముందుకొచ్చింది. వాళ్ల దగ్గర ముసలి గ్రే ఇంకొకటి ఉంది. రెండిటినీ వేర్వేరు పంజరాల్లో, ఒకే గదిలో ఉంచి చూస్తున్నారు. ఒకదాని ఈకలు ఒకటి పీకే ప్రమాదం ఉంది కాబట్టి ఆశ్రయంవాళ్లు తొందరపడటం లేదు. ఆ కుటుంబానికి ఇచ్చిన కాగితంలో బోడి ఛాతీ గురించి, కాలేయం గురించి, ప్రతి ఆరు నెలలకీ చేయించాల్సిన రక్తపరీక్ష గురించి ఉంది. మైక్రోవేవ్ మోత గురించి కూడా ఉందట, రాత్రిపూట లేచి వంటగదిలోకి పరిగెత్తకుండా.